పెద్ద హాలులో డీజే కార్యక్రమం - శబ్ద సామగ్రిని ఎన్నుకొనే విధం

వినోదానికైనా విజ్ఞానానికైనా శబ్దమే ప్రధాన వాహకం. ముషాయిరాలో కవి చదివే షేరు, కవి సమ్మేళనంలోని పద్యం, ఖవ్వాలీ గాయకుని ఆలాపన, నేటి యువతరం మక్కువపడే డీజే సంగీతం - ఇవన్నీ ఒకే హాలులో, తరచుగా ఒకే రోజున, ఒకే జత లౌడ్ స్పీకర్ల ద్వారా శ్రోతలకు చేరవలసి వస్తున్నది. అయితే శబ్దాన్ని పెంచడం వేరు, శబ్దాన్ని వినిపించడం వేరు. ఈ రెంటికీ గల భేదాన్ని శాస్త్ర దృష్టితో వివరించి, పెద్ద హాలులో డీజే కార్యక్రమానికి తగిన సామగ్రిని ఎన్నుకొనే పద్ధతిని తెలియజేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ విషయంపై నాకు ఆసక్తి కలగడానికి ఒక చేదు అనుభవం కారణం. నేను ఒక వార్షికోత్సవ నిర్వాహక సంఘంలో సభ్యుడిగా ఉన్నప్పుడు, విద్యార్థుల చందాల సొమ్ములో అధిక భాగం వెచ్చించి "పదివేల వాట్ల సెట్టు" అని పేరుపడిన సామగ్రిని అద్దెకు తెచ్చాము. పదవీ విరమణ చేస్తున్న ఉర్దూ అధ్యాపకులు ఆ సభలోనే వీడ్కోలు ప్రసంగం చేశారు. నాలుగవ వరుస దాటిన తరువాత ఒక్క వాక్యమైనా స్పష్టంగా వినబడలేదు. అనంతరం డీజే ప్రారంభమైనది. ముందున్నవారు చెవులు మూసుకొన్నారు, వెనుకనున్నవారు లేచిపోయారు. సభ ముగిసిన పిమ్మట ఆ పెద్దలు నన్ను దగ్గరకు పిలిచి, "బేటా, చివర కూర్చున్న పిల్లలకు నా మాట అందిందా?" అని అడిగారు. అందిందని అబద్ధం చెప్పాను. నా మిత్రుడొకడు రెండు రోజులపాటు చెవిలో ఏదో మోగుతున్నదని బాధపడ్డాడు. లోపం వాట్ల సంఖ్యలో లేదనీ, హాలు స్వభావాన్ని గమనించకుండా సామగ్రిని ఎన్నుకొన్న మా అజ్ఞానంలో ఉన్నదనీ తరువాత గ్రహించాను.

డీజే అనగా నేమి?

డిస్క్ జాకీ అనే మాటకు సంక్షిప్త రూపమే డీజే. గ్రామఫోను రికార్డులను ఎంచి వరుసగా వినిపించే వ్యక్తికి రేడియో యుగంలో వచ్చిన పేరిది. 1973 ఆగస్టు 11న న్యూయార్కు నగరంలోని బ్రాంక్స్ ప్రాంతంలో, సెడ్జ్‌విక్ అవెన్యూలోని ఒక నివాస భవనపు వినోద మందిరంలో, కూల్ హెర్క్‌గా ప్రసిద్ధుడైన క్లైవ్ క్యాంప్‌బెల్ తన సోదరి ఏర్పాటు చేసిన వేడుకలో రికార్డులు వినిపించాడు. హిప్ హాప్ సంగీతానికి ఆ రాత్రే జన్మదినమని చెప్పుకొంటారు. హెర్క్ జమైకాలో పుట్టినవాడు. పెద్ద స్పీకరు పెట్టెలను వీధిలో నిలిపి జనాన్ని నాట్యం చేయించడం ఆ ద్వీపపు ఆచారం. నేడు రికార్డుల స్థానంలో కంప్యూటరు, కంట్రోలరు వచ్చాయి. కాని శబ్దం గాలిలో ప్రయాణించే రీతి, గోడకు తగిలి తిరిగివచ్చే రీతి నాడెట్లున్నవో నేడూ అట్లే ఉన్నవి. కనుక ముందుగా హాలును గురించి తెలుసుకొందాము.

హాలే మొదటి వాద్యం

1895లో హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఫాగ్ కళా ప్రదర్శనశాలకు చెందిన ఒక ఉపన్యాస మందిరం కట్టించారు. కాని అందులో ఉపన్యాసకుని మాట ఎవరికీ అర్థమయ్యేది కాదు. దీనికి కారణం కనుగొనవలసిందిగా వాలెస్ సబైన్ అనే యువ భౌతికశాస్త్ర అధ్యాపకుణ్ణి కోరారు. ఊరంతా నిద్రించే వేళ ఆయన పక్కనున్న సాండర్స్ థియేటరు నుండి కుర్చీల దిండ్లు మోయించి తెచ్చి, మందిరంలో పరచి, శబ్దం ఆగిన తరువాత దాని మోత ఎన్ని సెకండ్లు వినబడుతున్నదో కొలిచాడు. ఖాళీ మందిరంలో ఆ మోత సుమారు 5.5 సెకండ్లు నిలిచేది. దిండ్లు పెరిగిన కొద్దీ అది తగ్గుతూ వచ్చింది. ఈ మోతనే ప్రతినాదం అంటారు. ఒక మాట మోత అణగక ముందే తరువాతి మాటలు దానిపై పడితే, అన్నీ కలిసి గందరగోళమవుతాయి.

సబైన్ సూత్రం చాలా సులభమైనది. హాలు ఘనపరిమాణాన్ని ఘనమీటర్లలో తీసికొని 0.161తో గుణించి, హాలులోని మొత్తం శోషణతో భాగిస్తే ప్రతినాద కాలం సెకండ్లలో వస్తుంది. శోషణ అనగా గోడలు, నేల, కప్పు, మనుషులు పీల్చుకొనే శబ్దం పాలు. ఒక ఉదాహరణ చూద్దాము. 30 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు, 6 మీటర్ల ఎత్తు గల హాలు ఘనపరిమాణం 3,600 ఘనమీటర్లు. దాని లోపలి తలాల వైశాల్యం 1,800 చదరపు మీటర్లు. సిమెంటు పూత, నాపరాళ్ళు, గాజు కిటికీలు గల అటువంటి హాలు తనకు తగిలిన శబ్దంలో సగటున నూటికి 5 పాళ్ళు మాత్రమే పీల్చుకొంటుందనుకొంటే, శోషణ 90. అప్పుడు ప్రతినాద కాలం సుమారు 6.4 సెకండ్లు. ఆ హాలులోనికి 400 మంది వస్తే, మనిషికి 0.45 చొప్పున శోషణ 180 పెరిగి 270 అవుతుంది. ప్రతినాద కాలం 2.1 సెకండ్లకు దిగుతుంది. గోడలకు 60 చదరపు మీటర్ల మందపాటి తెరలు వ్రేలాడదీస్తే అది ఇంకా కొంత తగ్గుతుంది.

దీని నుండి రెండు నీతులు గ్రహించవచ్చును. మొదటిది, ఖాళీ హాలులో మధ్యాహ్నం చేసిన పరీక్షను బట్టి రాత్రి కార్యక్రమాన్ని అంచనా వేయరాదు. రెండవది, సామగ్రి అద్దెకు పెట్టే సొమ్ములో కొంత భాగాన్ని తెరలకు, తివాచీలకు కేటాయించడం వృథా కాదు. షామియానా వారి దగ్గర దొరికే మందపాటి గుడ్డలను గోడకు కొంచెం ఎడంగా, మడతలు పడేటట్లు కట్టినా ప్రయోజనం ఉంటుంది.

వాట్ల మోసం

శబ్ద తీవ్రతను డెసిబెల్స్‌లో కొలుస్తారు. శక్తి రెట్టింపైతే తీవ్రత 3 డెసిబెల్స్, పది రెట్లైతే 10 డెసిబెల్స్ పెరుగుతుంది. చెవికి మాత్రం 10 డెసిబెల్స్ పెరిగితేనే శబ్దం సుమారు రెండింతలైనట్లు తోస్తుంది. కనుక 1,000 వాట్ల సెట్టును త్రోసిపుచ్చి 10,000 వాట్ల సెట్టు తెచ్చినంత మాత్రాన వినికిడి పదింతలు కాదు, దాదాపు రెండింతలే.

పైగా స్పీకరు పెట్టె మీద అచ్చువేసిన వాట్లు ఎటువంటివో విచారించాలి. పీక్ అని వ్రాసిన అంకె, నిరంతరంగా భరించగల శక్తికి తరచుగా నాలుగింతలు ఉంటుంది. కాబట్టి "నిరంతర శక్తి ఎంత?" అనీ, "1 వాటుతో 1 మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ ఇస్తుంది?" అనీ అడగాలి. ఈ రెండవ అంకెను సున్నితత్వం అంటారు. 100 డెసిబెల్స్ సున్నితత్వం గల పెట్టె 100 వాట్లతో చేసే పనిని, 90 డెసిబెల్స్ పెట్టె 1,000 వాట్లతో గాని చేయలేదు.

దూరం లెక్క కూడా కలదు. ఆరుబయట దూరం రెట్టింపైనప్పుడెల్లా శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. 97 డెసిబెల్స్ సున్నితత్వం గల పెట్టెకు 500 వాట్లిస్తే 1 మీటరు దూరంలో 124, 16 మీటర్ల దూరంలో 100 డెసిబెల్స్ వస్తాయి. అయితే తాళపు దెబ్బ తీవ్రతకూ, సంగీతపు సగటు తీవ్రతకూ నడుమ 10 డెసిబెల్స్‌కు పైగా తేడా ఉండవచ్చును గనుక కొంత మిగులు ఉంచుకోవాలి. బలహీనమైన యాంప్లిఫయరును శక్తికి మించి నడిపితే తరంగాల శిఖరాలు తెగిపోయి, శబ్దం బొంగురుపోవడమే గాక ట్వీటరు కాలిపోయే ప్రమాదం కలదు. యాంప్లిఫయరు లోపలే అమర్చిన యాక్టివ్ స్పీకర్లలో సాధారణంగా రక్షణ ఏర్పాటు కూడా ఉంటుంది గనుక, అనుభవం తక్కువగల విద్యార్థులకు అవి మేలు.

పెట్టెల ఎంపిక, అమరిక

పైన చెప్పిన కొలతల హాలులో 400 మందికి 12 లేక 15 అంగుళాల మంచి స్పీకరు పెట్టెలు నాలుగు, 18 అంగుళాల సబ్ వూఫర్లు రెండు మొదలు నాలుగు వరకు సరిపోతాయి. మాట స్పష్టత పై పెట్టెల నుండి వస్తుంది. గుండెకు తగిలే తాళం సబ్ వూఫర్ల నుండి వస్తుంది. సుమారు 100 హెర్ట్జ్‌కు దిగువ గల శబ్దాన్ని సబ్ వూఫర్లకే వదలి, పై పెట్టెలకు ఆ భారం తప్పించాలి.

పై పెట్టెలను నేలమీద పెడితే ముందు వరుసలోని మనుషులే శబ్దాన్ని అడ్డగిస్తారు. కావున వాటిని స్టాండ్లపై నిలబడిన మనిషి తలకంటె ఎత్తుగా ఉంచి, గోడలవైపు గాక జనం మీదికి వంచాలి. గోడకు తగిలిన ప్రతి తరంగమూ ప్రతినాదాన్ని పెంచేదే.

ఇటువంటి హాలులో సాధారణపు పెట్టె నుండి 7 మీటర్లు దాటేసరికి నేరుగా వచ్చే శబ్దం కంటె గోడల మోతే మిక్కుటమవుతుంది. అప్పుడు ముందు పెట్టెల శబ్దాన్ని పెంచితే మోత కూడా దానితోపాటే పెరుగుతుంది. మా వార్షికోత్సవంలో జరిగిన పొరపాటు ఇదే. దీనికి విరుగుడు, రెండు పెట్టెలను ముందు, రెంటిని హాలు నడుమ ఉంచి, అన్నిటినీ తక్కువ శబ్దంతో నడపడం. కాని విద్యుత్తు తీగలో క్షణంలో పోతుంది. శబ్దం గాలిలో సెకండుకు సుమారు 344 మీటర్లే పోతుంది. ముందు పెట్టెకు 17 మీటర్ల వెనుక ఉన్న పెట్టె, ముందు శబ్దం రాకమునుపే 50 మిల్లీసెకండ్ల తొందరతో పలుకుతుంది. కనుక మిక్సరులోనో ప్రాసెసరులోనో ఆ పెట్టెకు అంతే ఆలస్యం కల్పించాలి. అప్పుడు మాట వేదిక నుండే వస్తున్నట్లు తోస్తుంది.

బేస్ స్వభావం వేరు. 50 హెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 7 మీటర్లు. సబ్ వూఫర్లను వేదికకు చెరొక ప్రక్కన పెడితే వాటి తరంగాలు హాలు నడుమ కలిసి ఉప్పొంగి, ప్రక్కలకు పోయేకొద్దీ కొన్నిచోట్ల ఒకదాన్నొకటి రద్దు చేసికొంటాయి. అన్నిటినీ వేదిక ముందు మధ్యలో ఒకచోట చేర్చితే బేస్ సమంగా పరచుకొంటుంది. మనుషులు, పలుచని తెరలు బేస్‌ను అంతగా పీల్చుకోలేవు. అందువలన నిండు హాలులో కూడా బేస్‌ను మితంగానే ఉంచాలి.

తీగలు, విద్యుత్తు

మిక్సరు నుండి స్పీకర్ల వరకు బ్యాలెన్స్‌డ్ తీగలే వాడాలి. దూరం ఎక్కువైనా వాటిలో గుర్రుమనే రొద చేరదు. శబ్ద సామగ్రినంతటినీ ఒకే ఫేజు మీద, రంగుదీపాలను వేరొక ఫేజు మీద నడపడం మంచిది. రొద పోవడానికని ఎర్తు తీగను తొలగించడం ప్రాణాపాయం. ఎవరు చెప్పినా అంగీకరించరాదు. ప్రసంగాలకు ఒక మంచి మైకును ప్రత్యేకంగా తెప్పించి, దానికి బేస్ తగ్గించి ఉంచాలి. మిక్సరులోని ఎర్ర దీపం వెలిగితే అది ఉత్సాహానికి గాక లోపానికి గుర్తు.

చెవి విలువ

మన లోపలి చెవిలో శబ్దాన్ని గ్రహించే రోమకణాలు సుమారు 15,000 ఉంటాయి. అవి నశిస్తే తిరిగి మొలవవు. 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు 8 గంటలు, 94ను ఒక గంట, 100ను 15 నిమిషాలు మించి వినరాదని ఒక ప్రసిద్ధ ప్రమాణం కలదు. వినోద స్థలాలలో ఏ 15 నిమిషాల సగటు అయినా 100 డెసిబెల్స్ దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సూచించింది. నిశ్శబ్దంగా విశ్రమించే చోటు, చెవి బిరడాలు కూడా ఉండాలన్నది. జనం ఉండే స్థలంలో డెసిబెల్ మీటరుతో చూచి 95కు లోబడి ఉంచితే నాట్యానికీ లోటు రాదు, చెవికీ కొంత రక్షణ దొరుకుతుంది. పెట్టెల ముందు రెండు మూడు మీటర్ల వరకు ఎవరినీ నిలువనీయరాదు.

ఇరుగుపొరుగును కూడా తలచుకోవాలి. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు లౌడ్ స్పీకర్లు వాడరాదు. మూసివున్న సభామందిరాల లోపలి వినియోగానికి మినహాయింపు ఉన్నా, తలుపులు తెరచి వీధినంతా అదరగొట్టడానికి అది అనుమతి కాదు. మతపరమైన ఊరేగింపులలో డీజే సామగ్రిని 2024లో హైదరాబాదు నగర పోలీసులు నిషేధించడం, ఈ విషయంలో ప్రజల సహనం ఎంత తరిగిందో తెలుపుతున్నది.

ఉపసంహారం

కావున మిత్రులారా, మైకు సెట్టువారి దగ్గరకు వెళ్ళేముందు టేపు పట్టుకొని హాలుకు వెళ్ళండి. పొడవు, వెడల్పు, ఎత్తు కొలవండి. నడిమధ్యన నిలిచి ఒకసారి చప్పట్లు కొట్టి, మోత ఎంతసేపు ఉన్నదో లెక్కపెట్టండి. ఎందరు వస్తారో అంచనా కట్టండి. పిమ్మట వాట్లు అడగండి. సామగ్రి అమర్చిన తరువాత పాటతో పరీక్షించవద్దు. ఒక మిత్రుణ్ణి వేదికపై నిలిపి, మీరెరుగని నాలుగు వాక్యాలు చదివించి, చివరి వరుసలో కూర్చొని వ్రాసికొనండి. ఆ వాక్యాలు సరిగా వ్రాయగలిగితే సంగీతం దానంతటదే చక్కగా వినబడుతుంది. మా ఉర్దూ అధ్యాపకులు అడిగిన ప్రశ్న శబ్ద శాస్త్రం అంతటికీ సారం. ఆనాడు నేను ఆయనకు నిజం చెప్పలేకపోయాను. ఇకముందు మన సభలలో అదే ప్రశ్న ఎవరడిగినా "అందింది" అని నిజంగా చెప్పగలిగితే, ఈ వ్యాసం వ్రాసిన శ్రమ ఫలించినట్లే.