బిల్డింగ్ అక్కడే ఉంది.. సగం సొమ్ము ఏమైంది?

అమెరికాలోని వార్టన్ బిజినెస్ స్కూల్లో రియల్ ఎస్టేట్‌కి ప్రత్యేకంగా ఓ డిపార్ట్‌మెంటే ఉంది. దాన్ని ఫైనాన్స్‌తో కలిపి చదవొచ్చు. స్థలాల బేరాలకి కూడా ఎంబీఏనా బాస్ అనుకుంటున్నారా? ఈ లెక్క చూడండి.

ఓ ఆఫీసు బిల్డింగ్ మీద ఖర్చులన్నీ పోగా ఏడాదికి 8 కోట్లు మిగులుతోంది. కొనేవాళ్లు 8 శాతం రాబడి చాలనుకుంటే దాని ధర 100 కోట్లు. వడ్డీ రేట్లు పెరిగి, మాకు 10 శాతం కావాల్సిందే అంటే? 80 కోట్లే! ఒక్క ఇటుక కదల్లేదు, ఎవరూ ఖాళీ చేయలేదు. అసలు ట్విస్ట్ ఇప్పుడు. ఓనర్ అందులో 60 కోట్లు అప్పు తెచ్చి, 40 కోట్లే సొంతంగా పెట్టాడనుకోండి. ధర తగ్గింది 20 శాతమే. అప్పు మాత్రం తగ్గదుగా! ఆయన 40 కోట్లు కాస్తా 20 అయ్యాయి. అద్దె సంగతి రియల్ ఎస్టేట్ క్లాసు చెబుతుంది, అప్పు సంగతి ఫైనాన్స్ క్లాసు. ఈ దెబ్బ కనబడాలంటే రెండూ కావాలి.

మన దేశంలో 2019లో ఎంబసీ రీట్ లిస్టయింది. 2020లో వచ్చిన మైండ్‌స్పేస్ రీట్‌లో మన మాదాపూర్ ఆఫీసులూ ఉన్నాయి. అద్దెలొచ్చే బిల్డింగుల్ని యూనిట్లుగా షేర్‌ మార్కెట్లో అమ్మడమే రీట్. పంచగలిగే నగదులో కనీసం 90 శాతం యూనిట్లున్నవాళ్లకి ఇవ్వాలి. ఆ యూనిట్ ధర సబబేనా అని తేల్చాలంటే లీజులూ చదవాలి, అప్పులూ తవ్వాలి.

కోడింగ్ వదిలి ఇటు రావాలనుకుంటే, కాలేజీ పేరు కన్నా ముందు ఎలెక్టివ్స్ లిస్టు తెరవండి. లీజు అగ్రిమెంట్ చదివించే క్లాసు, అప్పుల లెక్క ఎక్సెల్‌లో కట్టించే క్లాసు.. రెండూ ఉన్నాయా? ఒక్కటే ఉంటే, దానికోసం లక్షల్లో ఎడ్యుకేషన్ లోన్ నేనైతే తీసుకోను.