పాట మనదే, సరుకు మాత్రం ఇవ్వనంటే?

గండికోట: వేలంపాట మన పల్లెలకు కొత్త కాదు. చింతతోపు ఫలసాయం, చెరువులో చేపలు, దేవుడి మాన్యం కౌలు, చివరకు వినాయకుడి లడ్డు - అన్నీ నలుగురి ముందు పాట పెట్టి ఇచ్చేవే. "ఒకటోసారి, రెండోసారి, మూడోసారి" అని కేక పడగానే పాట ముగిసినట్లు. ఊరంతా సాక్షి. పాట పాడినవాడు గానీ, పెట్టినవాడు గానీ మాట తప్పితే మరునాడు రచ్చబండ మీద తలెత్తుకుని కూర్చోవటం కష్టం.

ఇప్పుడా పాట సెల్‌ఫోనులోకి వచ్చింది. పెన్న గండి చూడవచ్చే యాత్రికుడి చేతిలోనూ, గుట్టల్లో గొర్రెలు మేపుకునే కాపరి చేతిలోనూ అదే ఫోను. పాత ట్రాక్టరు, బోరు మోటారు, బ్యాంకు స్వాధీనం చేసుకున్న ఇల్లు - అన్నీ అందులోనే వేలానికి వస్తున్నాయి. ఇంట్లో కూర్చుని పాడుకోవచ్చు. అయితే చుట్టూ ఊరు లేదు, సాక్షి లేడు. గడువు ముగిసి, "మీ పాటే ఖాయం" అని మెసేజి వచ్చిన తర్వాత అమ్మేవాడు అడ్డం తిరిగితే ఏం చేయాలి?

ఒక ఉదాహరణ చూద్దాం. జమ్మలమడుగు వైపు నల్లరేగడి రైతు ఒకరు శనగ విత్తే అదనుకు ముందు ఫోను వేలంలో పాత ట్రాక్టరును రూ.3,20,000కు పాడుకున్నారనుకుందాం. డబ్బు వడ్డీకి తెచ్చారు. మూడో రోజు అమ్మేవాడు "ఇంకొకరు ఎక్కువ ఇస్తామన్నారు, మీకు అమ్మను" అన్నాడు. అదను ఆగదు. వడ్డీ ఆగదు. ఈ రైతుకు చట్టం ఏ మేరకు అండగా వుంటుంది?

కేక పడిన ఘడియే కీలకం

వస్తువుల అమ్మకం గురించి మన దేశంలో 1930 నాటి చట్టం ఒకటి వుంది. అందులో 64వ సెక్షను వేలంపాటల గురించినదే. పాట పెట్టినవాడు సుత్తి కొట్టిగానీ, అలవాటైన మరో పద్ధతిలోగానీ "ముగిసింది" అని ప్రకటించిన క్షణంలో అమ్మకం పూర్తయినట్లు. ఆ క్షణం దాకా పాడినవాడు తన పాటను వెనక్కి తీసుకోవచ్చు. ఆ తర్వాత కొన్నవాడు కొన్నట్లే, అమ్మినవాడు అమ్మినట్లే.

ఫోను వేలంలో సుత్తి లేదు గనుక ఆ ఘడియ ఏదో షరతుల్లో చూసుకోవాలి. కొన్నిచోట్ల గడువు ముగిసిన నిమిషానికే అమ్మకం ఖాయమవుతుంది. మరికొన్నిచోట్ల అమ్మేవాడు ఒప్పుకుంటేనే ఖాయం. బ్యాంకుల వేలాల్లో, ప్రభుత్వ వేలాల్లో పై అధికారి ఖరారు చేసేదాకా హెచ్చు పాటదారుకు హక్కు పుట్టదు. "కారణం చెప్పకుండా రద్దు చేసే అధికారం మాకు వుంది" అనే వాక్యం నోటీసు చివర చిన్న అక్షరాల్లో వుంటుంది. పాడే ముందు చదవవలసింది ఆ వాక్యమే.

ఇంతకన్నా తగ్గితే అమ్మను అని ముందే పెట్టుకున్న కనీస ధరకు పాట చేరకపోయినా అమ్మేవాడికి బాధ్యత లేదు. కాగా అమ్మేవాడే తన మనిషి చేత దొంగపాట పాడించి ధర పెంచితే దాన్ని మోసంగా భావించి కొన్నవాడు బేరం వదులుకోవచ్చునని అదే సెక్షను చెబుతున్నది.

"కాగితం మీద సంతకమే లేదు, ఇదేం బేరం?" అని కొందరు తప్పుకోజూస్తారు. ఆ సాకు చెల్లదు. ఎలక్ట్రానిక్ పద్ధతిలో కుదిరిందన్న ఒక్క కారణంతో ఒప్పందాన్ని కొట్టివేయరాదని ఐ.టి. చట్టంలోని 10-ఎ సెక్షను చెబుతున్నది. ఇది 2009 అక్టోబరు నుంచి అమలులో వుంది.

విమానం అమ్మి వెనక్కి తగ్గితే

ఆస్ట్రేలియాలో 2007లో ఇలాంటి తగవే కోర్టుకెక్కింది. ఒకాయన రెండవ ప్రపంచ యుద్ధకాలపు విర్రావే రకం పాత విమానాన్ని ఈబే అనే ఇంటర్నెట్ వేలంలో పెట్టారు. కనీస ధర లక్షా యాభై వేల డాలర్లు. ఒకరు సరిగ్గా అంతకే పాడారు. గడువు ముగిసింది. ఈలోగా మరొకరు లక్ష డాలర్లు ఎక్కువ ఇస్తామనటంతో అమ్మేవారు అడ్డం తిరిగారు. న్యూ సౌత్ వేల్స్ సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. పాట ముగిసినప్పుడే ఒప్పందం కుదిరిందని, విమానం అప్పగించవలసిందేనని తీర్పు చెప్పింది. అలాంటి విమానం మరోచోట దొరికేది కాదు గనుకనే డబ్బుతో సరిపెట్టక వస్తువునే ఇప్పించింది.

మన దేశంలో 2023లో ఇంతకంటే పెద్ద కేసు వచ్చింది. మన ఆంధ్రా బ్యాంకు 2020లో కలిసిపోయిన యూనియన్ బ్యాంకు, మహారాష్ట్రలో బాఫ్నా మోటార్స్ అనే సంస్థ తాకట్టు ఆస్తిని 2023 జూన్ 30న ఇంటర్నెట్‌లో వేలం వేసింది. సెలిర్ అనే సంస్థ రూ.105.05 కోట్లకు పాడుకుంది. తర్వాత బాకీదారు రూ.129 కోట్లు కట్టి ఆస్తి విడిపించుకుంటానన్నాడు. బొంబాయి హైకోర్టు ఒప్పుకుంది. పాడుకున్న సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్లింది. సెప్టెంబరు 21న సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పును రద్దు చేసింది. వేలం నోటీసు వెలువడేదాకే బాకీదారుకు విడిపించుకునే హక్కు వుంటుందని, ఆ తర్వాత బ్యాంకు వెనక్కి పోరాదని చెప్పింది. పాడుకున్న సంస్థ మరో రూ.23.95 కోట్లు కట్టి ఆస్తి పొందేలా ఆదేశించింది.

బ్యాంకు వేలంలో ఇల్లో, స్థలమో పాడదలచినవారు మరొకటి గుర్తుంచుకోవాలి. పాట దక్కితే నాలుగో వంతు సొమ్ము ఆ రోజే, లేదా మరుసటి పని దినానికల్లా కట్టాలి. మిగిలింది అమ్మకం ఖరారైన 15 రోజుల్లో కట్టాలి. కట్టలేకపోతే ముందు కట్టింది పోతుంది. అంటే మాట తప్పటం పాడినవారికీ ఖరీదైన వ్యవహారమే.

మార్కెట్ యార్డులో రైతే అమ్మేవాడు

మన రైతు కొనేవాడే కాదు, అమ్మేవాడు కూడా. 2016 ఏప్రిల్ 14న మొదలైన ఈ-నామ్ పద్ధతిలో సరుకు కుప్పకు నంబరు వేస్తారు, నాణ్యత చూస్తారు, వ్యాపారులు కంప్యూటర్లో ధర వేస్తారు. హెచ్చు ధర వచ్చినంత మాత్రాన సరుకు ఇచ్చి తీరాలన్న నిర్బంధం రైతుకు లేదు. ధర గిట్టకపోతే నిరాకరించే హక్కు వుంది. అది మాట తప్పటం కాదు. ఒప్పుకున్న తర్వాత మాత్రం బేరం ఖాయం. తూకం, బిల్లు, చెల్లింపు వరుసగా జరగాలి. ఒప్పుకున్నాక మరో వ్యాపారి పది రూపాయలు ఎక్కువన్నాడని బస్తాలు తిప్పుకోరాదు. అట్లాగే తూకం దగ్గర వ్యాపారి నసిగితే రైతు ఊరుకోరాదు. అక్కడికక్కడే మార్కెట్ కమిటీ కార్యదర్శికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి.

వరుసగా చేయవలసిన పనులు

ఇక మన ట్రాక్టరు రైతు సంగతి. ముందుగా సాక్ష్యం దాచుకోవాలి. వేలం ప్రకటన, షరతులు, పాట ఖాయమైందన్న మెసేజి, డబ్బు కట్టిన రసీదు - అన్నిటికీ ఫోనులో ఫొటోలు తీసుకోవాలి. ప్రకటనను అమ్మేవాడు మరునాడే తీసివేయవచ్చు. మెసేజిలు చెరపరాదు, ఆ ఫోను అమ్మరాదు. కోర్టులో అదే సాక్షి.

రెండవది, తగవును ఫోను మాటలతో వదలకుండా రాతలో పెట్టాలి. "ఫలానా తేదీన నా పాట ఖాయమైంది. శనగ విత్తటానికి బండి కావాలి. వారంలోగా అప్పగించండి" అని మెసేజి ద్వారా, రిజిస్టర్డ్ పోస్టు ద్వారా తెలపాలి. బండి ఎందుకు కావాలో బేరం రోజునే రాసి వుంటే మరీ మంచిది. సహజంగా కలిగే నష్టాన్ని, ఒప్పందం కుదిరిన నాటికి ఉభయులకూ తెలిసిన నష్టాన్ని 1872 నాటి కాంట్రాక్టు చట్టం ఇప్పిస్తుంది. అదను సంగతి అమ్మేవాడికి ముందే తెలిసి వుంటే బాడుగ ట్రాక్టరుకు పెట్టిన ఖర్చు అడగటానికి బలం వస్తుంది.

మూడవది, వేలం నడిపిన కంపెనీకి ఫిర్యాదు. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదులు చూసే అధికారి పేరు, చిరునామా కంపెనీ ప్రకటించాలి. ఆయన 48 గంటల్లో అందినట్లు చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. అక్కడ పని కాకపోతే 1915 నంబరుకు ఫోను చేస్తే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం పలుకుతుంది.

నాలుగవది, అదను పోకుండా మరో బండి చూసుకోవటం. చేతులు కట్టుకుని కూర్చుని నష్టం పెంచుకుంటే పెరిగిన నష్టం రాదు. అలాంటి బండే సంతలో రూ.3,60,000కు కొంటే తేడా రూ.40,000. అమ్మేవాడు ఇవ్వవలసింది ఆ తేడా, దానితో పాటు కట్టిన బయానా. కొత్త బేరం బిల్లు దాచుకోవాలి. మరోచోట దొరకని అరుదైన వస్తువయితేనే, ఆ విమానం మాదిరిగా, వస్తువునే ఇప్పించమని అడగటంలో అర్థం వుంటుంది.

ఐదవది, కేసు. అమ్మేవాడు వ్యాపారి అయితే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు. వ్యాపారి ఢిల్లీలో వున్నా మన రైతు కడపలోనే కేసు వేసుకోవచ్చు. 2019 చట్టం ఆ వీలు ఇచ్చింది. చెల్లించిన ధర రూ.5 లక్షల లోపయితే ఫీజు లేదు. రెండేళ్లలోగా వేయాలి. సొంత సేద్యంతో బతకటానికి కొన్న ట్రాక్టరు గనుక "ఇది వ్యాపారపు కొనుగోలు" అని తోసిపుచ్చటం కుదరదు.

అయితే అమ్మేవాడు వ్యాపారి కాక, తన ఇంటి బండిని ఒక్కసారికి అమ్ముకునే మామూలు మనిషి అయితే ఈ-కామర్స్ నిబంధనలు ఆయనకు వర్తించవు. అప్పుడు దారి సివిల్ కోర్టే. గడువు మూడేళ్లు. చిన్న మొత్తానికి కోర్టు ఖర్చు గిట్టుతుందా అన్నది ముందే లెక్క వేసుకోవాలి. రాజీకి లోక్ అదాలత్ వుంది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, ఆదాయం తక్కువ వున్నవారికి న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. వారి నంబరు 15100.

వెనుకంజ వేరు, మోసం వేరు

మనసు మార్చుకున్నవాడు డబ్బు తిప్పి పంపుతాడు, ఫోను ఎత్తుతాడు. బయానా వేయించుకుని ఫోను కట్టేసినవాడు అమ్మేవాడే కాదు. అప్పుడు నోటీసులు రాస్తూ కూర్చోరాదు. వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. ఎంత తొందరగా చెబితే ఆ డబ్బు ముందు చేతికి పోకుండా బ్యాంకులో ఆపించే అవకాశం అంత ఎక్కువ. పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదూ ఇవ్వాలి.

ఇదిలా వుండగా "మీ డబ్బు వాపసు చేస్తున్నాం, ఈ బొమ్మ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అని రెండోసారి దోచేవారూ వున్నారు. డబ్బు మన ఖాతాలో పడటానికి పిన్ అక్కరలేదు. పిన్ అడిగారంటే డబ్బు పోతున్నట్లే.

పాత ట్రాక్టరు కొనేటప్పుడు బండి కళ్లారా చూడక, ఆర్.సి. మీద ఫైనాన్సు బాకీ వుందో లేదో తెలుసుకోక రూపాయి కూడా పంపరాదు. అడ్డం తిరిగే బేరాల్లో కొన్ని ఆ బాకీ దగ్గరే చిక్కుకుంటాయి. వేలం కంపెనీ చూపిన ఖాతాకు కాకుండా "నా సొంత నంబరుకు వేయండి" అంటే ఆ బేరం అక్కడే వదిలివేయటం మేలు.

పశువుల సంతలో తుండుగుడ్డ కింద వేళ్లు పట్టి బేరం చేసిన రోజుల్లో పక్కనున్న దళారి సాక్షి. ఫోను వేలంలో ఆ సాక్షిని మనమే తయారు చేసుకోవాలి. బేరం ఖాయమైన ఘడియ ఏదో షరతుల్లో చూసుకుని, ఆ ఘడియకు రుజువు దాచుకున్నవారి మాటే రేపు నిలుస్తుంది.