కాలియా ఎందుకు మారడు?

ఢోలక్‌పూర్ అనే ఊరు ఏ జిల్లా పటములోను లేదు. అయినా ఎచ్చెర్లలోనో గజపతినగరములోనో ఏ పిల్లవానినైనా అడగండి. ఆ ఊరి రాజు పేరు, రాకుమారి పేరు, లడ్డూలు చేసి అమ్మే ఆమె పేరు తడుముకోకుండా చెప్తాడు. అది ఛోటా భీమ్ ఉండే ఊరు. ఈ బొమ్మల కథను తయారు చేసినది హైదరాబాదులోని గ్రీన్ గోల్డ్ సంస్థ. దానిని స్థాపించిన రాజీవ్ చిలక గారి ఊహలో పుట్టిన ఈ కథ 2008లో పోగో చానలులో మొదలైంది. అప్పుడు టీవీ ముందు కూర్చున్న పిల్లలు నేడు యౌవనస్థులయ్యారు. వారి వెనుక పుట్టినవారు ఇప్పుడు అమ్మ ఫోనులో చూస్తున్నారు.

ప్రియ తలిదండ్రులారా, పిల్లలు చూసే బొమ్మలను గూర్చి మనము అడిగే ప్రశ్న సాధారణంగా ఒక్కటే: "ఇంకా ఎంతసేపు చూస్తావురా?" చూసినదానిని గూర్చి ఏమనుకొంటున్నావని అడిగేవారు తక్కువ. ఒక వేసవిలో మా సంఘములో సెలవుల బైబిలు బడి జరుగుచుండగా, పాఠము ముగిసిన తరువాత మేము పిల్లలను ఈ మాట అడిగాము: "ఢోలక్‌పూర్‌లో తప్పు లేనివారు ఎవరు?"

గుడి అరుగు మీద పెద్ద వాదమే జరిగింది. "భీమ్ అండి" అని చాలామంది ఒక్కసారే అన్నారు. ఒక చిన్నది లేచి, "టున్‌టున్ మౌసీ లడ్డూలు అడక్కుండా తినేత్తాడు గదండి. అది దొంగతనం కాదేటండి?" అన్నది. "ఊరందరినీ కాపాడతన్నాడు. రెండు లడ్డూలు తింటే ఏటయిపోద్ది?" అని ఒక కుర్రవాడు. "మరి అవి సేసినామెకి డబ్బులెవులిత్తారు?" అని ఆ చిన్నది.

ఇది పసిపిల్లల మాట అని నవ్వి విడిచిపెట్టదగినది కాదు. మేలు చేసినవాడు చిన్న తప్పు చేస్తే దానిని లెక్కించాలా, వద్దా? పంచాయతీ రచ్చబండ దగ్గర, సంఘపు కమిటీలో, మన ఇండ్లలో పెద్దలము వాదించుకొనేది ఈ సంగతే. "ఆయన ఊరికి ఎంతో చేశాడు గదా" అని మనము కన్ను మూసుకొంటాము. ఆ చిన్నది మాత్రము లడ్డూలు చేసిన చేతులను జ్ఞాపకము చేసుకొన్నది.

పెద్దలు కూడా ఈ బొమ్మలను గూర్చి వాదించుకొన్న సందర్భమున్నది. 2020 జూన్ నెలలో, భీమ్ తన స్నేహితురాలు చుట్కీని విడిచి రాకుమారి ఇందుమతిని పెండ్లి చేసుకొన్నాడన్న పుకారు లేచింది. చుట్కీకి న్యాయము కావాలని ట్విట్టరులో వేలాదిగా వ్రాశారు. కొందరు హాస్యానికి వ్రాశారు, కొందరు నిజముగానే కోపగించారు. చివరికి గ్రీన్ గోల్డ్ వారు ఒక ప్రకటన ఇవ్వవలసి వచ్చింది: భీమ్, చుట్కీ, ఇందుమతి ఇంకా చిన్నపిల్లలే, వారికి పెండ్లి అయిందన్నది అబద్ధము. కథ చూడకుండానే తీర్పు తీర్చుట ఎంత సులభమో చూశారా!

ఇక మా అరుగు మీద అందరూ ఏకమైన మాట ఒక్కటే. కాలియా చెడ్డవాడు. భీమ్‌ను చూసి అసూయపడతాడు, చిన్నవారిని బెదిరిస్తాడు, అపాయము వస్తే భయపడతాడు. "ఆడు మారతాడా?" అని అడిగాము. "మారడండి. రేపు మళ్లీ అలాగే సేత్తాడు" అన్నారు.

వారు చెప్పినది నిజమే. దానికి కారణమున్నది. ఇటువంటి ధారావాహికలో ఏ భాగము ముందు చూసినా, ఏది వెనుక చూసినా అర్థము కావాలి. కనుక ఒక భాగములో కాలియా బుద్ధి తెచ్చుకొన్నా, తరువాతి భాగములో మళ్లీ పాత కాలియాగానే రావాలి. లేకపోతే కథ నడవదు. ఇది కథ అల్లేవారి అవసరము. కాని పిల్లవానికి ఆ సంగతి తెలియదు. మంచివాడు ఎప్పుడూ మంచివాడే, చెడ్డవాడు ఎప్పుడూ చెడ్డవాడే అని అతడు నేర్చుకొంటాడు.

ఈ భీమ్‌కు మూలము మహాభారతములోని భీముడు. ఆ కథలో బాలుడైన భీముడు కౌరవుల పిల్లలను జుట్టు పట్టి ఈడ్చేవాడు, నీళ్లలో ముంచేవాడు, వారు పండ్ల కోసము చెట్టెక్కితే ఆ చెట్టును ఊపి క్రింద పడవేసేవాడు. పగతో కాదు, పసితనపు మొరటుతనముతో. ఆ బాధలో నుండి దుర్యోధనుని అసూయ పెరిగి, భీముని అన్నములో విషము పెట్టేవరకు వెళ్లింది. పూర్వపు కథకులు భీముని మొరటుతనాన్ని దాచలేదు. బొమ్మల కథలో భీమ్‌కు బలము, ఆకలి మిగిలాయి. ఆ మొరటుతనము కాలియా నెత్తిన పడింది. మంచి అంతా ఒకరికి, చెడు అంతా మరొకరికి పంచితే కథ తేలికవుతుంది. మనుష్యులు మాత్రము అలా ఉండరు.

దీనివలన నష్టమేమని మీరు అడగవచ్చు. ఆ వాదము జరుగుచున్నంతసేపు ఒక అబ్బాయి మాట్లాడలేదు. ఒళ్లు కొంచెము లావు, వయస్సులో అందరికంటే పెద్దవాడు. పిల్లలు వానిని పేరు పెట్టి పిలవడము ఎప్పుడో మానేశారు. "కాలియా" అనే పిలుస్తారు. ఆటలో భీమ్ ఎవరు కావాలో చీట్లు వేసుకొంటారు, కాలియా కోసము చీటీ అవసరము లేదు. ఒకనాడు వాడు ఒక చిన్నవానిని తోసివేశాడు. ఎందుకు తోశావని అడిగితే, "నేను కాలియానే గదండి" అన్నాడు.

ఆ జవాబు విన్న తరువాత మేము బొమ్మలను నిందించలేదు. పేరు పెట్టినవారు బొమ్మలు కాదు. "మొద్దు", "నల్లోడు", "దొంగెదవ" అని మన వాకిళ్లలో పెట్టే పేర్లు ఏ చానలులోనూ రాలేదు. ఒక పేరును పదిసార్లు వింటే పిల్లవాడు ఏడుస్తాడు. వెయ్యిసార్లు వింటే ఆ పేరుకు తగినట్లు బ్రతుకుతాడు.

అందుకే మేము పిల్లలను ఢోలూ, భోలూలను గూర్చి అడిగాము. కాలియా వెంట తిరిగే ఆ కవలలను అంతవరకు ఎవరూ తలంచలేదు. ప్రక్కన నిలబడి నవ్వేవారు లేకపోతే కాలియా అంత రెచ్చిపోతాడా? కొంతసేపు ఎవరూ పలుకలేదు. తరువాత, మొదట లడ్డూల సంగతి ఎత్తిన చిన్నదే, "మనం ఢోలూ భోలూలమేనండి" అన్నది. ఎదుటివాని కంటిలోని నలుసు కంటే మన కంటిలోని దూలమును ముందు చూసుకోవాలని ఎన్నిసార్లు బోధించినా, ఆ దినము పిల్లలకు అర్థమైనంతగా ఎప్పుడూ అర్థము కాలేదు.

మనుష్యుడు మారుతాడా అంటే మారుతాడు, అయితే లడ్డూ తిన్నంత తొందరగా కాదు. భీమ్ లడ్డూ నోట వేసుకోగానే బలవంతుడవుతాడు. మన ప్రాంతములోనే "కలియుగ భీముడు" అనిపించుకొన్న ఒకాయన ఉండేవారు. ఆయన వీరఘట్టములో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు గారు. ఆ ఊరు 2022 నుండి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్నది. ఛాతీ మీద ఏనుగును నిలుపుకొన్న ఆయన ఆ బలమును విజయనగరములో చిన్ననాటి నుండి చేసిన కసరత్తుతో సంపాదించారు, తరువాత అక్కడే పిల్లలకు వ్యాయామము నేర్పారు. దేహబలమునకే అంత అభ్యాసము కావలసివస్తే, గుణము మారుటకు ఎంత ఓర్పు కావాలి! మోసగాడైన యాకోబు మారుటకు ఏండ్లు పట్టింది. భయపడి బొంకిన పేతురు నిలబడ్డాడు. వారిని పాత పేరుతోనే కట్టివేసి ఉంటే ఆ కథలు అక్కడే ఆగిపోయేవి.

కనుక తలిదండ్రులారా, ఫోను లాగివేయుటకు ముందు ఒక్క పావుగంట పిల్లల ప్రక్కన కూర్చొని చూడండి. చూసిన తరువాత మూడు మాటలు అడగండి. భీమ్ ఈరోజు చేసిన తప్పేమిటి? కాలియాలో ఉన్న ఒక మంచి ఏమిటి? ఢోలక్‌పూర్‌కు ఆపద వచ్చినప్పుడు అతడు కూడా వారితో బయలుదేరిన కథలున్నవి, పిల్లలే వెదకి చెప్తారు. మూడవది, రేపటి భాగము నీవే వ్రాస్తే కాలియాకు ఏమి జరుగుతుంది?

బొమ్మల కథ వ్రాసేవారు కాలియాను మార్చలేకపోవచ్చు. మీ వీధిలో ఆ పేరు మోస్తున్న పిల్లవాడు ఎవరో మీ పిల్లలకు తెలుసు. రేపటి నుండి వానిని వాని సొంత పేరుతో పిలవమనండి. ముందు మీరు పిలవండి.