పిలిస్తేనే లోపలికొచ్చే దెయ్యం: పాత వాంపైర్ సినిమాలు ఇంకా ఎందుకు చూస్తున్నాం?

పిడుగురాళ్ల నుంచి మళ్ళీ వచ్చేశా. ఈ ఎపిసోడ్ వాంపైర్ల గురించి. అంటే పగలు పెట్టెలో పడుకుని, రాత్రి లేచి మనుషుల రక్తం తాగే శవం అన్నమాట.

1922లో జర్మనీలో నొస్ఫెరాతు అని ఒక సినిమా వచ్చింది. మాటల్లేవు, అంతా మూకీ. ఇప్పటి గ్రాఫిక్స్ ముందు పెడితే పిల్లలాట లాగా ఉంటుంది. అయినా హారర్ ఫ్యాన్స్ దాన్ని వదల్లేదు. 2024లో రాబర్ట్ ఎగర్స్ అనే డైరెక్టర్ అదే కథని అదే పేరుతో మళ్ళీ తీశాడు. వందేళ్ళు దాటిన దెయ్యానికి ఇంకా టికెట్లు తెగుతున్నాయంటే అందులో ఏదో ఉండాలి కదా. అదేంటో చూద్దాం.

నా సమాధానం ముందే చెప్పేస్తా. వాంపైర్‌కి రూల్స్ ఉన్నాయి. అందులో ఒక్క రూల్ మాత్రం మనల్ని పట్టుకుని వదలదు. ఆ రూల్ మన తెలుగోళ్ళకి ఎప్పటినుంచో తెలుసు.

మన బేతాళుడు, వాళ్ళ వాంపైర్

చందమామ గుర్తుందా? మీరు చదవకపోయినా ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. 1947లో మొదలైన పత్రిక. చేతిలో కత్తి, భుజాన శవం, శ్మశానంలో నడిచిపోతున్న విక్రమార్కుడు. ఆ బొమ్మ వేసింది శంకర్ గారు. ఆ శవంలో ఉన్నవాడే బేతాళుడు.

ఈ కథల్ని 1870లో రిచర్డ్ బర్టన్ అనే ఇంగ్లీషాయన ఇంగ్లీషులో రాశాడు. మరి వాళ్ళకి బేతాళుడంటే ఎవరో ఎలా తెలుస్తుంది? అందుకని పుస్తకానికి ‘విక్రమ్ అండ్ ద వాంపైర్’ అని పేరు పెట్టాడు. అంటే డ్రాక్యులా నవల రావడానికి 27 ఏళ్ళ ముందే మన బేతాళుడు లండన్‌లో వాంపైర్ అయిపోయాడు. డ్రాక్యులా రాసిన బ్రామ్ స్టోకర్‌కి ఈ బర్టన్‌తో పరిచయం కూడా ఉంది. మాట్లాడేటప్పుడు బర్టన్ కోరపన్ను ఎలా బయటికి కనపడేదో స్టోకర్ తన జ్ఞాపకాల పుస్తకంలో ప్రత్యేకంగా రాసుకున్నాడు. అలాగని డ్రాక్యులాకి మూలం మన బేతాళుడే అని వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసేయకండి. పరిచయం ఉంది, అంతే.

బేతాళుడు రక్తం తాగడు. కానీ ఇద్దరికీ ఒక పోలిక ఉంది. ఇద్దరూ రూల్ ప్రకారమే నడుస్తారు. సమాధానం తెలిసీ చెప్పకపోతే విక్రమార్కుడి తల పగిలిపోతుంది. చెబితే మౌనం చెడి బేతాళుడు మళ్ళీ చెట్టెక్కేస్తాడు. రాజుగారు ఎంత బలవంతుడైనా ఆ రూల్ మారదు. కథలో టెన్షన్ అంతా అక్కడే ఉంది. కోడింగ్ చేసినవాళ్ళకి తెలుసు, కండిషన్ గట్టిగా ఉంటేనే లూప్ నడుస్తుంది.

రూల్స్ ఎక్కడి నుంచి వచ్చాయి?

1897లో వచ్చిన డ్రాక్యులా నవలలో చాలా రూల్స్ ఉన్నాయి. అద్దంలో కనపడడు. వెల్లుల్లి పడదు. సొంత నేల మట్టిలోనే పడుకోవాలి. అందుకే ఇంగ్లండ్ వెళ్తూ 50 పెట్టెల నిండా మట్టి మోసుకెళ్తాడు. మనోళ్ళు అమెరికా వెళ్తూ ఆవకాయ సర్దుకున్నట్టు.

ఎండ తగిలితే వాంపైర్ చచ్చిపోతాడని అందరికీ తెలుసు కదా? ఆ నవలలో అది లేదు. డ్రాక్యులా పట్టపగలే లండన్ వీధుల్లో తిరుగుతాడు, కాకపోతే పగలు శక్తి తక్కువ. ఎండకి చావడం అనేది నొస్ఫెరాతు సినిమా పెట్టిన రూల్. సినిమా చివర్లో సూర్యుడి వెలుతురు పడగానే కౌంట్ ఓర్లాక్ మాయమైపోతాడు. ఆ అప్‌డేట్ తర్వాత వచ్చిన సినిమాల్లో చాలావాటికి ఎక్కేసింది. మే నెలలో మా పల్నాడు వస్తే సరి, రెండు నిమిషాలు కూడా బతకడు పాపం.

ఇంకో విషయం. నొస్ఫెరాతు తీసినవాళ్ళు నవల హక్కులు కొనలేదు. పేర్లు మార్చి తీసేశారు. స్టోకర్ భార్య ఫ్లోరెన్స్ కోర్టుకెళ్ళింది. 1925లో కోర్టు కాపీలన్నీ నాశనం చేయమంది. తీసిన కంపెనీ అప్పటికే దివాలా. కానీ కొన్ని ప్రింట్లు అప్పటికే వేరే దేశాలకి వెళ్ళిపోయాయి, అలా సినిమా బతికింది. చంపమని కోర్టు చెప్పినా చావని వాంపైర్ సినిమా! ఫ్యాన్స్‌కి ఇంతకంటే ఏం కావాలి?

భయపెట్టింది ఎలా?

నొస్ఫెరాతులో ఓర్లాక్ వేసింది మాక్స్ ష్రెక్. బోడి గుండు, ఎలుక పళ్ళు, పొడుగాటి గోళ్ళు. డైరెక్టర్ మూర్నావ్ చాలాచోట్ల మనిషిని కాకుండా నీడని చూపించాడు. మెట్లెక్కుతున్న ఆ నీడ షాట్ ఇప్పటికీ ఎక్కడో ఒకచోట కాపీ అవుతూనే ఉంది. నీడని చూపిస్తే మిగతాది మన బుర్రే గీసుకుంటుంది. ఎంత గ్రాఫిక్స్ పెట్టినా ఆ బొమ్మకి సాటిరాదు.

1931లో అమెరికాలో యూనివర్సల్ వాళ్ళు డ్రాక్యులా తీశారు. హీరో, విలన్ అన్నీ బేలా లుగోసి. హంగేరీ మనిషి. ఆ సినిమాలో లుగోసి కోరలు ఒక్క షాట్‌లో కూడా కనపడవు. నమ్మకపోతే చూసుకోండి. కోటు వేసుకుని, మర్యాదగా వంగి నమస్కారం పెట్టి, ఆగి ఆగి మాట్లాడతాడు. కళ్ళ మీద మాత్రం సన్నటి లైటు. బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ దాదాపు లేదు, ఆ నిశ్శబ్దమే భయం. అదే సెట్లలో రాత్రిపూట వేరే నటులతో స్పానిష్ వెర్షన్ కూడా తీశారు. కొంతమంది ఫ్యాన్స్ ఇప్పటికీ అదే బాగుందని వాదిస్తారు.

1958లో బ్రిటన్‌లో హ్యామర్ కంపెనీ క్రిస్టఫర్ లీని డ్రాక్యులా చేసింది. ఇప్పుడు రంగులు వచ్చాయి, ఎర్రటి రక్తం వచ్చింది, కోరలు వచ్చాయి. మాటలు మాత్రం తక్కువే. 1966లో వచ్చిన ‘డ్రాక్యులా: ప్రిన్స్ ఆఫ్ డార్క్‌నెస్’‌లో అయితే లీకి ఒక్క డైలాగు కూడా లేదు.

ఇంతకీ ముగ్గురిలో కామన్ ఏంటి? ఎవరూ తలుపు పగలగొట్టుకుని రారు. మర్యాదగానో, మౌనంగానో వస్తారు. వాళ్ళకి దారి ఇచ్చేది మనుషులే.

అసలు రూల్

డ్రాక్యులా నవలలో ఒక మాట ఉంది. ఆ ఇంటివాళ్ళు ఎవరో ఒకరు పిలిస్తే తప్ప వాంపైర్ మొదటిసారి గడప దాటలేడు. కానీ ఒక్కసారి పిలిచారా, ఆ తర్వాత ఎప్పుడు కావాలంటే అప్పుడు రావచ్చు. మళ్ళీ అడగక్కర్లేదు.

మామూలు దెయ్యం మన మీద దాడి చేస్తుంది, మన తప్పేం లేదు అనుకోవచ్చు. వాంపైర్ అలా కాదు. వాడు మంచివాడిలా నిలబడతాడు, మొహమాటపెడతాడు, మనచేత ‘రండి లోపలికి’ అనిపించుకుంటాడు. మా వైపు గుమ్మంలో ఎవరన్నా నిలబడితే ‘రా అన్నా, కూచో, మంచినీళ్ళు తాగు’ అనకుండా ఉండలేం. ఆ మంచితనం మీదే వాడు బతుకుతాడు. అందుకే వందేళ్ళయినా ఆ భయం పాతబడట్లేదు.

ఇప్పుడు మన ఊళ్ళ సంగతి. ‘ఓ స్త్రీ రేపు రా’. తలుపుల మీద, గోడల మీద రాసేవాళ్ళు. రాత్రి దెయ్యం వస్తుంది, తలుపు తట్టబోతుంది, ఆ రాత చదువుతుంది, సరేలే రేపొద్దాం అని వెళ్ళిపోతుంది. మర్నాడు వచ్చినా అదే రాత. ఇదీ గడప రూలే. చూడండి, మనవాళ్ళు దెయ్యాన్ని కూడా మొహం మీద ‘పో’ అనలేదు. అప్పులవాడికి చెప్పినట్టు ‘రేపు రా’ అన్నారు! వాంపైర్‌ని ఆపేది పిలవకపోవడం. మన దెయ్యాన్ని ఆపేది వాయిదా వేయడం.

తెలుగు సినిమాలోనూ ఇదే పద్ధతి నడిచింది. కోటు వేసుకున్న డ్రాక్యులా మనకి పెద్దగా కుదరలేదు కానీ, అతని చుట్టాలు ఉన్నారు. 1980లో ఏవీఎం వాళ్ళ పున్నమి నాగు. చిన్నప్పటి నుంచి విషం పెట్టి పెంచిన మనిషిగా చిరంజీవి. పౌర్ణమి రాత్రి వస్తే అతని దగ్గరికెళ్ళిన ఆడవాళ్ళకి చావే. కోరుకుని తెచ్చుకున్న బతుకు కాదది. వాంపైర్ కథల్లో ఉండే జాలి, ఆకర్షణ, భయం మూడూ ఆ పాత్రలో ఉన్నాయి. 2009లో కోడి రామకృష్ణ గారి అరుంధతి. సోనూ సూద్ వేసిన పశుపతి సమాధిలో బందీ. సమాధి చెక్కుచెదరనంతకాలం బయటికి రాలేడు, ఎవరో ఒకరు దాన్ని కదిలించాలి. పాడుబడ్డ కోట కావాలా? ఆ సినిమా తీసిన బనగానపల్లె బంగ్లాని జనం ఇప్పుడు అరుంధతి కోట అనే పిలుస్తున్నారు. ట్రాన్సిల్వేనియా దాకా వెళ్ళక్కర్లేదు.

మన గడప ఇప్పుడు ఫోన్

ఇదంతా సరదాగా చెప్పుకుంటున్నాం కానీ, ఈ రూల్ గురించి ఆలోచిస్తుంటే నాకు గుర్తొచ్చేది ఫోన్‌లో వచ్చే చిన్న డబ్బా. ‘మీ కాంటాక్ట్స్ చూడనివ్వాలా?’ అని అడుగుతుంది చూడండి, అది.

లోన్ యాప్‌ల సంగతి మీకు తెలుసు. లాక్‌డౌన్ టైములో జీతాలు లేక చాలామంది ఐదు వేలకీ పది వేలకీ ఆ యాప్‌లు వేసుకున్నారు. ఒక్కసారి ‘అలో’ నొక్కారు. అంతే, ఫోన్‌లో ఉన్న నంబర్లు, ఫొటోలు వాళ్ళ చేతికెళ్ళాయి. తర్వాత చుట్టాలకి ఫోన్లు, మార్ఫింగ్ ఫొటోలు, బూతులు. మన రెండు రాష్ట్రాల్లో ఆ అవమానం తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నవాళ్ళున్నారు. 2020 డిసెంబర్‌లో హైదరాబాద్ పోలీసులు వరసగా కేసులు పెట్టి అరెస్టులు చేశారు. 2022 సెప్టెంబర్‌లో రిజర్వ్ బ్యాంక్ రూల్స్ తెచ్చింది: అప్పిచ్చే యాప్‌లు కాంటాక్ట్స్, కాల్ లిస్ట్ ముట్టుకోకూడదు. 2023 మే 31 నుంచి గూగుల్ ప్లే కూడా లోన్ యాప్‌లు కాంటాక్ట్స్, ఫొటోలు చూడకుండా ఆపింది. అందుకే ఇప్పుడు చాలామంది మోసగాళ్ళు ప్లే స్టోర్ బయట లింకు పంపించి ఇన్‌స్టాల్ చేయమంటారు.

మొదటిసారి పిలిచేదాకా మర్యాద. పిలిచాక మళ్ళీ అడగరు. 1897లో రాసిన రూల్ అచ్చం ఇదే కదా.

తేడా ఒకటుంది. సినిమాలో పిలిచినవాళ్ళదే తప్పు అన్నట్టు ఉంటుంది. నిజ జీవితంలో అలా కాదు. అవసరంలో ఉన్నవాడు తలుపు తీస్తాడు, అంతే. తప్పు మోసం చేసినవాడిది. ఎవరన్నా ఇందులో ఇరుక్కుంటే సిగ్గుపడి దాచుకోవద్దు. ఇంట్లో చెప్పండి, సైబర్ క్రైమ్ నంబర్ 1930కి ఫోన్ చేయండి. వాంపైర్ బలం అంతా చీకట్లోనే. విషయం నలుగురికీ తెలిసిందంటే ఎండ తగిలినట్టే.

అలాగే ఈ రాత్రికి ఇంకో పని చేయండి. సెట్టింగ్స్‌లో పర్మిషన్స్ అని ఉంటుంది. ఏ యాప్‌ని లోపలికి పిలిచారో అక్కడ లిస్ట్ ఉంటుంది. అవసరం లేనివాటికి ‘రేపు రా’ అనేయండి.

ఏది ముందు చూడాలి?

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు 1958 డ్రాక్యులాతో మొదలుపెట్టండి. రంగుల సినిమా, గంటన్నర కూడా ఉండదు, కథ పరిగెడుతుంది. క్లైమాక్స్‌లో పీటర్ కుషింగ్ టేబుల్ మీద పరిగెత్తి పరదా లాగే సీన్ మిస్ కావద్దు. తర్వాత 1931 సినిమా, లుగోసి మర్యాద కోసం. చివర్లో నొస్ఫెరాతు. దానికి కాపీరైట్ తీరిపోయింది కాబట్టి ఇంటర్నెట్‌లో ఫ్రీగా, న్యాయంగానే దొరుకుతుంది. మూకీ కాబట్టి ఇంగ్లీషు అర్థం కాదన్న బెంగ లేదు, అక్కడక్కడ వచ్చే కార్డులు చదివితే చాలు.

చూసేటప్పుడు ఫోన్ అడ్డంగా తిప్పండి, లైట్లు ఆపండి, నోటిఫికేషన్లు ఆపండి. ఒకటిన్నర స్పీడ్‌లో పెట్టొద్దు, ప్లీజ్. ఆ నీడ నెమ్మదిగా మెట్లెక్కాలి, అప్పుడే మజా. మధ్యలో ఎవరైనా తలుపు తడితే వెంటనే ‘రండి’ అనకండి. ఎవరో కనుక్కుని తియ్యండి.

ఉంటా మరి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.