తోలు మన్నిక – ఎవరి జ్ఞానం?

మంచి తోలు జాకెట్ ఇరవై ఏళ్ళు తొడుక్కోవచ్చు. దుకాణంవాడు ఆ మాట చెప్పే అమ్ముతాడు, కొన్నవాడు ఆ మాట చెప్పే మురుస్తాడు. ‘తోలు గదా, మన్నుతుంది’ అంటారు. కానీ తోలు తనంతట తాను మన్నదు. చచ్చిన పశువు చర్మం మన ఎండలకి ఒకట్రెండు రోజుల్లోనే కుళ్ళడం మొదలౌతుంది. ఎండబెడితే రేకులా బిగుసుకుపోతుంది, తడిస్తే మళ్ళీ కుళ్ళుతుంది. చర్మానికి మన్నికనిచ్చేది మనిషి శ్రమ. ఆ మనిషి ఎవరు, అతన్ని ఈ సమాజం ఎక్కడ నిలబెట్టింది అని అడక్కుండా తోలు మన్నిక గురించి మాట్లాడితే సగమే మాట్లాడినట్టు.

చర్మం తోలెట్లా అవుతుంది?

చర్మంలో ముఖ్యమైంది కొలాజెన్ అనే మాంసకృత్తు. సన్నని పోగులుగా అల్లుకుని ఉంటుంది. సూక్ష్మజీవులు తినేది దీన్నే. అందుకే ముందు ఉప్పు పట్టించి కుళ్ళు ఆపాలి. తర్వాత సున్నపునీళ్ళలో నానబెడితే వెంట్రుకలు ఊడతాయి, పోగులు విచ్చుకుంటాయి. లోపలివైపు అంటుకున్న మాంసం, కొవ్వు గీకెయ్యాలి. సున్నం పోయేదాకా కడగాలి. అప్పుడు తంగేడు చెక్క నానిన నీళ్ళు. ఆ చెక్కలోని వగరు పదార్థం, అంటే టానిన్, పోగుల మధ్యకి చేరి వాటిని పట్టి ఉంచుతుంది. ఆ తర్వాత తోలు తేలిగ్గా కుళ్ళదు.

ఇందులో కిటుకుంది. మొదట పలచని నీళ్ళు, పోనుపోను చిక్కని నీళ్ళు వాడాలి. మొదటే చిక్కనివి పోస్తే పైపొర బిగుసుకుని లోపలికి దిగదు, మధ్యలో పచ్చిగానే ఉండిపోతుంది. పెద్ద తోలైతే సంచిలా కుట్టి వేలాడగట్టి, లోపల చెక్క, నీళ్ళు నింపేవారు. నీళ్ళు తోలుగుండా ఊరుతూ దిగుతాయి. వారాల తరబడి పని. తంగేడు తోలు వెలుతురుకి ఎర్రబారుతుంది గనక కరక్కాయ నీళ్ళతో దాన్ని తగ్గించేవారు. చివర నూనె పట్టించేవారు. మాదిగవాడలోని లంద దగ్గర తరాలుగా జరిగింది ఇదే. దీనికి పుస్తకం లేదు, డిగ్రీ లేదు. మా ఇంట్లో మొదటిసారి యూనివర్సిటీ గడప తొక్కిన నాకు, ఈ సంగతే ‘లెదర్ టెక్నాలజీ’ పేరుతో పుస్తకంలో దొరికింది.

ఇప్పటి జాకెట్లు ఎక్కువ భాగం క్రోమ్ తోలువి. 1884లో అమెరికాలో అగస్టస్ షుల్జ్ పేటెంట్ తీసుకున్నాక ఈ పద్ధతి పరిశ్రమగా పెరిగింది. వారాల పని ఒకట్రెండు రోజులకి దిగింది. పచ్చి చర్మం సుమారు 60 డిగ్రీల వేడినీళ్ళకే ముడుచుకుంటుంది. చెక్కతో పదునైన తోలు 70–85 డిగ్రీల దాకా, క్రోమ్ తోలు 100 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది. కానీ మామూలు పద్ధతిలో వాడిన క్రోమియమంతా తోలుకి పట్టదు, మిగిలింది నీళ్ళతో పోతుంది. తమిళనాడులో పాలారు పొడుగునా నేల, బావులు ఎట్లా పాడయ్యాయో 1996లో వెల్లూరు కేసులో సుప్రీంకోర్టే చెప్పింది. జాకెట్ ఒకరి ఒంటిమీద మన్నుతుంది, దాని మురికి మరొకరి బావిలో మన్నుతుంది.

జాకెట్‌ని ఎట్లా కాపాడుకోవాలి?

కొనేటప్పుడు పైపొర చూడాలి. చర్మం పైపొరలో పోగుల అల్లిక దట్టం. కిందిపొర చీల్చి ప్లాస్టిక్ పూత పూసినవీ, తోలుపొడి జిగురుతో అతికించినవీ కొన్నేళ్ళకే పెచ్చులూడతాయి. గొర్రెతోలు మెత్తన, కానీ తొందరగా చిరుగుతుంది. మేకతోలు పలచనైనా గట్టిది.

తడిస్తే పొడిగుడ్డతో అద్ది నీడన, గాలికి ఆరెయ్యాలి. ఎండలో, పొయ్యి దగ్గర ఆరబెడితే తోలు గట్టిపడి పగులుతుంది. సబ్బునీళ్ళలో ముంచకూడదు, లోపలి నూనె పోతుంది. ఏడాదికి ఒకట్రెండుసార్లు తోలు క్రీము పలచగా రుద్దితే చాలు. వంటనూనె పూస్తే జిడ్డెక్కి వాసనొస్తుంది. నూగు తోలుకైతే క్రీము వద్దు, బ్రష్ చాలు. మన వానాకాలంలో అసలు శత్రువు బూజు. ప్లాస్టిక్ సంచిలో మూటగట్టొద్దు. వెడల్పాటి హ్యాంగర్‌కి తగిలించి గుడ్డ కప్పాలి, అప్పుడప్పుడూ గాలికి పెట్టాలి.

ఇవేవీ కంపెనీలు కనిపెట్టినవి కావు. మోట తొండానికి ఎప్పుడు నూనె పట్టించాలో, దాన్ని నీడన ఎందుకుంచాలో తోలు పని తెలిసినవాళ్ళకి తెలుసు. డప్పుకి మూసేది పదును చెయ్యని చర్మం, సెగ చూపితే బిగిసి మోగుతుంది. అదే సెగ చెప్పుకి తగిలితే పాడౌతుంది. ఏ తోలుకి సెగ, ఏ తోలుకి నూనె అని తెలియడమే శాస్త్రం.

మోట లేకుండా బావి కింద పొలం పారలేదు. ఆ మోట కుట్టినవాడికి మాత్రం అదే బావిలో చేదుకునే హక్కు లేదు. కళ్ళంలో నాలుగు గింజలే అతని కూలి. కరెంటు మోటారు వచ్చాక ఆ గింజలూ పోయాయి. జ్ఞానం పెట్టుబడి కాలేదు, అంటు మాత్రం మిగిలింది. కంచ ఐలయ్య 2009లో ‘పోస్ట్-హిందూ ఇండియా’లో మాదిగలను శాస్త్రజ్ఞులుగా చూడమన్నది ఇందుకే.

అట్లాగని కులవృత్తికి దండెయ్యమని కాదు. 1927లో మహద్‌లో అంబేద్కర్ చచ్చిన పశువు మాంసం మానెయ్యమన్నారు. 2016లో గుజరాత్‌లోని ఊనాలో చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళితుల్ని కట్టేసి కొట్టారు. ఆ తర్వాత అక్కడి దళితులు ‘మేం కళేబరాలెత్తం’ అన్నారు. ఆ పని వద్దనే హక్కు, ఆ జ్ఞానం మాదేననే హక్కు రెండూ కలిసే రావాలి. ఒకటిచ్చి ఇంకోటి లాక్కుంటే అది న్యాయం కాదు.

చెక్క ఎవరు దంచారు, నీళ్ళు ఎవరు మోశారు, పదును కుదిరిందని ఏ గుర్తుతో చెప్పేవారు? విద్యార్థులు తమ వాడల్లోని ముసలివాళ్ళని అడిగి రాసిపెట్టాలి. టీచర్లు కెమిస్ట్రీ క్లాసులో టానిన్ పాఠం తంగేడు నుంచి, లంద నుంచి మొదలుపెట్టాలి. తోలుకున్నంత మన్నిక జ్ఞాపకానికి లేదు. దానికీ పదును పెట్టుకోవాల్సింది మనమే.