తునికి దాయాది నుంచి టైటేనియం దాకా

బీడీలు చుట్టే తునికాకు మనకు కొత్త కాదు. ఆ చెట్టుకు అమెరికాలో ఒక దాయాది ఉంది, పేరు పెర్సిమన్. రెండూ ఒకే ప్రజాతివి. దాని కలప చేవగలది, దెబ్బకు ఓ పట్టాన పగలదు. గోల్ఫ్‌లో బంతిని అన్నిటికన్నా దూరం పంపే కర్ర డ్రైవర్. ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం దాని తలకాయను ఈ కలపతోనే చెక్కారు. పట్టుకునే కాడ మొదట్లో హికరీ అనే చెట్టు కర్ర. ఉక్కు కాడకు బ్రిటన్ నియమాలు 1929లో గానీ ఒప్పుకోలేదు.

చెక్క తలకు ఒక పెంకితనం ఉండేది. బంతి నట్టనడుమ తగిలితే సరే. వేలెడు పక్కకు తగిలిందా, తల గిర్రున మెలి తిరిగేది, బంతి చెట్లలోకి పోయేది. కారణం చెప్పాలంటే కావడి గుర్తు తెచ్చుకోవాలి. రెండు కొసలా బిందెలున్న కావడితో గబుక్కున పక్కకు తిరగడం కష్టం. అదే బరువును మూటకట్టి గుండెకు హత్తుకుంటే ఇట్టే తిరగొచ్చు. పిడికిలంత చెక్క ముద్ద ఆ మూట లాంటిది: బరువంతా నడుమనే.

గ్యారీ ఆడమ్స్ అనే అమెరికన్ 1979లో ఇల్లు తాకట్టుపెట్టి, 24,000 డాలర్లు అప్పు తెచ్చి టేలర్‌మేడ్ కంపెనీ పెట్టాడు. సరుకు ఒక్కటే: లోపల డొల్లగా ఉండే ఉక్కు డ్రైవర్. డొల్ల కనుక బరువు చుట్టూ అంచుల్లోకి జరిగింది. మూట కావడి అయింది! ఉక్కు ఊరి పేరు తగిలించి దాన్ని ‘పిట్స్‌బర్గ్ పెర్సిమన్’ అన్నారు. 1981లో రాన్ స్ట్రెక్ హ్యూస్టన్ ఓపెన్‌ను లోహపు డ్రైవర్‌తో గెలిచాక వెటకారం తగ్గింది.

ఆ తర్వాత పోటీ అంతా తల పెంచడంలోనే. బట్టల మిల్లు వ్యాపారం, ద్రాక్ష సారా వ్యాపారం అయ్యాక గోల్ఫ్‌లోకి దిగిన ఈలీ క్యాలవే 1991లో ‘బిగ్ బెర్తా’ తెచ్చాడు. అది మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ల పెద్ద ఫిరంగి పేరు. అయితే ఉక్కును ఇంకా ఉబ్బిస్తే బరువు పెరుగుతుంది, లేదా గోడ మరీ పలచనవుతుంది. ఉక్కు బరువులో సగం కన్నా కాస్త ఎక్కువ తూగే టైటేనియం ఆ చిక్కు విప్పింది. ఈనాటి తల అరలీటరు సీసాకు కొంచెం తక్కువ పరిమాణం, బరువు మాత్రం 200 గ్రాముల దగ్గరే.

నియమాలు చేసేవాళ్ళు ఊరుకోలేదు. 2004 నుంచి తల 460 ఘన సెంటీమీటర్లు దాటకూడదు. ముఖపు రేకు స్ప్రింగులా విసరడానికీ హద్దు పెట్టారు. తర్వాత మెలి తిరగని గుణానికి కూడా గీత గీశారు. తప్పులను మరీ క్షమించే కర్ర ఉంటే ఇక నైపుణ్యమెందుకని వాళ్ళ బాధ.

కొనేవాడికి పనికొచ్చే కీలకం ఈ కథలోనే ఉంది. బరువును తల వెనక్కి నెడితే బంతి తేలిగ్గా పైకి లేస్తుంది, పక్క దెబ్బకూ దారి పెద్దగా తప్పదు. ముందుకు జరిపితే బంతి సుడి తగ్గుతుంది. కానీ తప్పును ఓర్చే గుణమూ తగ్గుతుంది. టోర్నీ ఆటగాడు తలను గంటకు 180 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో తిప్పుతాడు. ఆ వేగానికి సుడి ఎక్కువైతే బంతి పైకెగిరి చతికిలబడుతుంది, అందుకే అతనికి రెండోది కావాలి. కొత్తవాడు గంటకు 130 దగ్గర తిప్పుతూ అదే కొంటే బంతి గాల్లో నిలవనే నిలవదు. అతనికి ముఖం బాగా వాలి ఉండాలి: 10.5 నుంచి 12 డిగ్రీలు. కాడ మెత్తగా వంగాలి. బంతి ప్రతిసారీ కుడికే వంపు తిరిగే కుడిచేతి వాటం వాళ్ళకు బరువును కాడ వైపు పెట్టిన రకాలు దొరుకుతాయి. నడుమ స్థాయి ఆటగాళ్ళు కాడ దగ్గర లాఫ్ట్ (ముఖపు వాలు) మార్చుకునే బిగింపు ఉన్నది తీసుకుంటే ఆట మెరుగుపడ్డాక మళ్ళీ కొనే పని ఉండదు. కాడ పొడవు పెరిగితే దూరం వస్తుందన్న ఆశ ఒకటి ఉంది. నా దృష్టిలో అది దురాశ. నట్టనడుమ తగలడమే అంతకంతకూ అరుదవుతుంది.

దుకాణంలో మీ పొడవాటి దెబ్బ చూసి మురిసిపోకండి. డ్రైవర్ ముఖానికి కాస్త పౌడర్ అద్ది పది బంతులు కొట్టండి. మచ్చలన్నీ రూపాయి బిళ్ళంత చోట పడితే మీకు నచ్చింది కొనుక్కోండి. ముఖమంతా చెదిరితే, అన్నిటికన్నా పెద్ద తల ఉన్నదే తీసుకోండి. సిగ్గుపడకండి.