దివ్వె చూపిన మేర

వెనుకటి తెలుగు పల్లెలలో చీకటి పడిన తరువాత గడప దాటే మనిషి చేతిలో లాంతరు ఉండేది. దాని వెలుగు నాలుగైదు బారల దూరం పోయేది. ఆగదలచుకొంటే ఆ మనిషి ఒక్క అడుగులో ఆగగలిగేవాడు. కనబడే దూరానికీ, ఆగే దూరానికీ నడుమ అంత మిగులు ఉండడం వల్లనే త్రోవకు అడ్డంగా పడుకొన్న త్రాచును చూచి ప్రక్కకు తొలగడానికి అతనికి వ్యవధి చిక్కేది. ఎడ్లబండి క్రింద వ్రేలాడే లాంతరుదీ అదే తీరు. మోటారు కారు వచ్చి ఈ లెక్కను తలక్రిందులు చేసినది. అది వెలుతురును పెంచినది, నిజమే. అంతకంటె ఎక్కువగా వేగాన్ని పెంచినది.

తొలినాటి కార్లకు, కార్బైడుపై నీటిచుక్కలు పడి పుట్టే ఎసిటిలీన్ వాయువుతో వెలిగే దీపాలుండేవి. వాటిని చేతితో వెలిగించాలి, గాలివానలో కాచుకోవాలి. 1912లో అమెరికాలో కాడిలాక్ కార్లకు విద్యుద్దీపాలను, విద్యుత్తుతో ఇంజనును కదలించే యంత్రాన్ని కలిపి అమర్చినారు. ఇక మీట నొక్కితే వెలుగు. దీపాన్ని గురించి ఆలోచించవలసిన పని చోదకునికి నాటితో తప్పినది.

ఆలోచించకపోవడం ఎంత ప్రమాదమో చిన్న గణితం చెబుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకు 22 మీటర్లు కదులుతుంది. ఎదుట ఏదో ఉన్నదని పోల్చుకొని కాలు బ్రేకు మీదికి పోవడానికి ఒకటిన్నర సెకను పట్టినదనుకొందాము. అప్పటికే 33 మీటర్లు గడచిపోయినవి. పొడిగా ఉన్న రోడ్డుపై మంచి బ్రేకులతో ఆగడానికి మరొక 35. వెరసి 70 మీటర్లకు రెండు తక్కువ. గంటకు 60 కిలోమీటర్లయితే ఇదే లెక్క 45 మీటర్లకు దిగుతుంది. డిప్పులో ఉన్న దీపాల ముందు ముదురు రంగు బట్టలు కట్టుకొన్న మనిషి 70 మీటర్ల దూరాన తరచు కంటికి ఆనడు. మన దేశపు 1989 నాటి మోటారు వాహనాల నియమావళి, దీపాలు ముందున్న మనుషులను, బండ్లను 155 మీటర్ల దూరాన స్పష్టంగా చూపాలని కోరుతున్నది. నియమం కోరే దూరం ఒకటి. పాతబడిన బల్బు ఇచ్చే దూరం మరొకటి.

దీపం చెడిపోవడమంటే ఒక్కసారిగా ఆరిపోవడమే అనుకొంటాము. ఫ్యూజు కాలి, తీగె తెగి అట్లా జరగడం కలదు. అయితే అప్పుడు చోదకుడు భయపడి ఆగుతాడు. ఒక్క దీపమే ఆరినప్పుడు ఆ భయమైనా ఉండదు. మన రోడ్లపై బండ్లు ఎడమవైపు నడుస్తవి గనుక ఎదుటి బండికి దగ్గరగా పోయేది కారు కుడిప్రక్క. ఆ కుడిదీపమే ఆరిపోతే, ఎదుటివాడు రోడ్డు అంచున ఒక మోటారు సైకిలు వస్తున్నదనుకొని, కారు ఉన్న చోటునే ఖాళీగా ఎంచి దూసుకొని వస్తాడు. ఒంటికన్ను కారు చీకటి కారు కంటె మోసకారి.

వీటికన్న మెత్తనిది మరొక రకం చెడు. పాత బల్బులలో టంగ్‌స్టన్ తీగె ఆవిరియై గాజు లోపల మసివలె పేరుకొనేది. 1962లో ఐరోపాలో కార్ల దీపాలకు వచ్చిన హాలోజన్ బల్బులో ఆ ఆవిరి మళ్ళీ తీగెను చేరుతుంది. కాని బయలుదేరిన చోటికే చేరదు గనుక తీగె ఎక్కడో ఒకచోట సన్నబడి చివరకు తెగుతుంది. త్రుప్పు పట్టిన ఎర్తు తీగెవల్ల బల్బును చేరే వోల్టేజీ పదవ వంతు తగ్గితే వెలుతురు పదవ వంతు తగ్గి ఊరుకోదు. దాదాపు మూడవ వంతు పోతుంది. ప్లాస్టిక్ దీపపు మూత ఎండకు పసుపుబారుతుంది. ఇదంతా రోజుకింత చొప్పున జరగడం చేత చోదకునికి తెలియదు. నిన్నటికీ నేటికీ తేడా లేదు. ఏండ్లు గడిచేసరికి మాత్రం ఎంతో వెలుగు పోయినది.

కన్ను దీన్ని కనిపెట్టదా అంటే, కన్ను కూడ ఈ మోసంలో భాగస్వామియే. 19వ శతాబ్ది ఆరంభంలో పుర్కిన్యే అనే చెక్ శాస్త్రజ్ఞుడు, మసక వెలుతురులో ఎర్రని పూలు నల్లబడి కనబడడమూ, పచ్చని ఆకులు ఇంకా తేటగా ఉండడమూ గుర్తించినాడు. దీపం సోకని అంచున ఎర్రచీర కట్టుకొన్న స్త్రీ అట్లాగే చీకటిలో కలిసిపోతుంది. చీకటికి కన్ను పూర్తిగా అలవడడానికి అరగంట కావాలి. ఎదుటి బండి పెద్దదీపం ఆ అలవాటును క్షణంలో చెరుపుతుంది. అది దాటిన పిమ్మట మూడు సెకన్లు చూపు చెదరినదనుకొంటే, 60 కిలోమీటర్ల వేగంతో 50 మీటర్లు కన్ను మూసుకొని నడిపినట్లే. లారీల వెనుక రాత్రి డిప్పరు వాడుమని వ్రాసి ఉంటుంది; వ్రాయించినవారిలో పాటించేవారెందరో! వయస్సు మరొక పన్ను వసూలు చేస్తుంది: 20 ఏండ్లవాని కంటిలోపలి తెరను చేరే వెలుతురులో 60 ఏండ్లవానికి చేరేది మూడవ వంతే.

వీటన్నిటి కంటె విచిత్రమైనది మరొకటి. మసకలో తగ్గేవి సూక్ష్మంగా చూడడం, ఛాయాభేదాన్ని పట్టుకోవడం. దారి వెంట బండిని నిలకడగా నడిపే నేర్పు అంతగా తగ్గదు. తెల్లగీత కనబడుతున్నది, చక్రం చేతిలో చక్కగా తిరుగుతున్నది. అన్నీ కనబడుతున్నవనే ధైర్యం కలుగుతుంది. రేచీకటి గలవాడు తనకు కనబడదని ఎరుగును. మంచి కన్నుగలవాడికి ఆ ఎరుక లేదు.

దీపాలను ఒక దేశమంతటా తగ్గించివేస్తే ఏమగునో బ్రిటన్ చూచినది. 1939 సెప్టెంబరు 1న అక్కడ యుద్ధకాలపు చీకటి ఆజ్ఞ అమలులోకి వచ్చినది. వీథిదీపాలు ఆరినవి, కార్ల దీపాలకు ముసుగులు తొడిగినారు. పెట్రోలుకు రేషను పెట్టడంతో రోడ్లపై కార్లు తగ్గినవి. అయినను 1938లో 6,648గా ఉన్న రోడ్డు మరణాలు 1941 నాటికి 9,169కి పెరిగినవి; ఆ దేశచరిత్రలో అంతటి సంఖ్య మరి ఏ యేటనూ లేదు. ప్రభుత్వం 1940 ఫిబ్రవరిలో ఊళ్ళలో రాత్రివేగాన్ని గంటకు 20 మైళ్ళకు దించినది. కాలిబాటల అంచులకు, చెట్ల మొదళ్ళకు తెల్లసున్నం పడినది. కొందరు రైతులు తమ ఆవుల మేనిపై తెల్లచారలు గీసినారు. రోడ్డు నడుమ పాతి, పడిన వెలుతురును వచ్చిన దిక్కుకే పంపే గాజుకండ్లను యార్క్‌షైరుకు చెందిన పెర్సీ షా 1934లోనే పేటెంటు చేసి ఉన్నాడు. వాటికి గిరాకీ వచ్చినది ఆ చీకటి రోజులలోనే.

ఆవుకు చారలు గీయడం నవ్వులాటగా తోచవచ్చు. కాని మన రోడ్డుపై రాత్రి నింపాదిగా నెమరువేసే గేదెను తలచుకొంటే నవ్వు రాదు. దీపం లేని ట్రాక్టరు తొట్టి, చక్రం ఊడి నిలిచిన లారీ, కోతలనాడు తారురోడ్డుపై ఆరబోసిన ధాన్యం చుట్టూ పేర్చిన రాళ్ళు, నల్లబట్టలతో బారులు తీరి నడిచే మాలధారులు, ట్యూషను ముగించుకొని సైకిళ్ళపై మళ్ళే పిల్లలు: ఇవన్నీ ఆ 70 మీటర్ల లోపలివే. పైగా నడిచేవానికి కారు దీపాలు అరమైలు దూరాననే కనబడతవి. తనకు దీపం కనబడుతున్నది గనుక దీపంవానికి తాను కనబడుతున్నాడని అతడు నమ్ముతాడు. ఈ నమ్మకం ఎంతటి ప్రాణాలు తీసేదో చోదకునికి తెలిసినా, నడిచేవానికి తెలియదు.

బడి మైదానంలో ఒక సాయంకాలం దీన్ని పరీక్షించవచ్చు. నిలిపి ఉంచిన కారు దీపాలు డిప్పులో వెలిగించి, ఉపాధ్యాయుడు లోపల కూర్చోవాలి. ముదురు నీలం యూనిఫారం తొడిగిన విద్యార్థి ఒకడు అడుగులు లెక్కిస్తూ దూరంగా నడవాలి. మరొకడు చేసంచికి వెలుతురును తిప్పికొట్టే పట్టీ అంటించుకొని అతని ప్రక్కనే పోవాలి. కొంతదూరాన మొదటివాడు మాయమవుతాడు, రెండవవాని పట్టీ ఇంకా మెరుస్తూనే ఉంటుంది. అక్కడ మొదటివానిని ఆపి, కారు కనబడుతున్నదా అని కేకవేసి అడగాలి. అతడు చేయి కండ్లకు అడ్డం పెట్టుకొని, దీపాలు బాగా కనబడుతున్నవని బదులు చెబుతాడు.